ఇంప్లాంట్ ఊడింది డి విటమిన్ తక్కువై‌నందుకేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్తే. నేను హనుమకొండలో ప్రైవేటు స్కూల్ టీచర్‌ని. మా సొంతూరు కోరుట్ల దగ్గర. అమ్మకు 54 ఏళ్లు. పెళ్లికి ముందు నుంచీ బీడీలు చేస్తోంది, ఇప్పటికీ మానలేదు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, గోళీలు వేసుకుంటుంది. కింది దవడలో కుడివైపు దవడ పన్ను పుచ్చిపోతే తీయించి, పోయిన ఏడాది ఇక్కడే ఇంప్లాంట్ పెట్టించాను. పైన క్యాప్ పెట్టకముందే, రెండో నెలలో అది కదలడం మొదలైంది. డాక్టర్ తీసేశారు. తర్వాత రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి 11 వచ్చింది. ‘‘అందుకే ఊడింది. ఎనిమిది వారాలు పొడి ప్యాకెట్లు తాగించండి, మళ్లీ పెడదాం’’ అన్నారు. మెడికల్ షాపాయన ప్యాకెట్లు ఎందుకు, ఒక్క ఇంజెక్షన్ చాలంటున్నాడు. మా వదినేమో పొద్దున్నే ఎండలో కూర్చుంటే అదే వస్తుందంటోంది. అమ్మ మాత్రం ‘‘ఒక్క పన్ను లేకపోతే ఏమైతది బిడ్డా, ఇడిసిపెట్టు’’ అంటోంది. నిజంగా డి విటమిన్ వల్లే ఊడిందా? మళ్లీ పెట్టించాలా?

– ఒక కూతురు, హనుమకొండ

సమాధానం: అమ్మా, 11 అంటే తక్కువే. అందులో అనుమానం లేదు. ఇంప్లాంట్ పెట్టించినా పెట్టించకపోయినా దాన్ని సరిచేయాల్సిందే. మీ డాక్టర్ గారు పరీక్ష చేయించి మంచి పని చేశారు, ప్యాకెట్లు రాసి ఇంకో మంచి పని చేశారు. ‘‘అందుకే ఊడింది’’ అన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది. ఆ కాగితం మీదున్న ఒక్క అంకెను చూసి అంత గట్టిగా చెప్పడం కుదరదు. పైగా నేరమంతా డి విటమిన్ మీద వేసేస్తే అసలు కారణం వేరే ఉన్నప్పుడు అది అక్కడే ఉండిపోతుంది, రెండో ఇంప్లాంట్‌నీ అదే పట్టుకుంటుంది. కాబట్టి డి విటమిన్ సంగతి చూస్తూనే మిగతావి కూడా తేల్చుకోండి. ఎలాగో చెప్తాను.

ముందు ఇంప్లాంట్ ఎముకలో ఎలా నిలబడుతుందో తెలియాలి. అది పోయిన పన్ను వేరుకు బదులు దవడ ఎముకలో దిగేసే టైటానియం మర. దాన్ని పట్టి ఉంచడానికి జిగురు, సిమెంటు లాంటివేమీ వాడరు. 1950లలో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు ఎముకలో రక్తప్రసరణ ఎలా జరుగుతుందో చూడటానికి కుందేళ్ల కాలి ఎముకల్లో టైటానియం గొట్టాలు అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అవి రాలేదు, ఎముక వాటిని పట్టేసుకుంది. ఆ గుణాన్నే పళ్లకు వాడుకుని 1965లో మొదటి పేషెంట్‌కు ఇంప్లాంట్లు పెట్టాడు. ఆ మనిషికి అవి నలభై ఏళ్లు పనిచేశాయి. ఈ రోజు హనుమకొండలో పెట్టినా, హైదరాబాద్‌లో పెట్టినా పనిచేసేది ఆ పట్టే.

అయితే ఆ పట్టు మొదటి రోజే రాదు. పందిరి గుంజను గుంతలో దిగేసి చుట్టూ మట్టి దట్టించామనుకోండి, ఆ పూటకు గట్టిగానే నిలబడుతుంది. వాన పడి మట్టి మెత్తబడ్డప్పుడు కాస్త ఊగుతుంది, మళ్లీ మట్టి దిగి బిగిసేదాకా దాన్ని ఎవరూ ఊపకుండా చూసుకోవాలి. ఇంప్లాంట్‌దీ అదే వరస. పెట్టిన రోజు మర బిగుతు వల్ల గట్టిగా ఉంటుంది. తర్వాత శరీరం ఆ మర చుట్టూ దెబ్బతిన్న పాత ఎముకను కరిగించి కొత్త ఎముకను కడుతుంది. పాతది పోయి కొత్తది ఇంకా గట్టిపడని ఆ మధ్య కాలం, అంటే సుమారు రెండో వారం నుంచి నాలుగో వారం దాకా, పట్టు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. కింది దవడలో మూడు నాలుగు నెలలు, పై దవడలో అంతకంటే ఇంకొంచెం ఎక్కువ కాలం ఆగి క్యాప్ పెట్టడానికి కారణం ఇదే.

అమ్మది రెండో నెలలో కదిలిందన్నారు. క్యాప్ కూడా పెట్టలేదు. అంటే అది పట్టుకుని తర్వాత వదిలేసిన ఇంప్లాంట్ కాదు, మొదటి నుంచీ ఎముక దాన్ని పట్టుకోనేలేదు. మా వృత్తిలో ఈ రెంటినీ వేరువేరుగా చూస్తాం. ఏళ్ల తర్వాత వదులయ్యేవాటికి ఎక్కువగా చుట్టూ చిగురు చెడిపోవడం, ఎముక అరగడం, పళ్లు కొరకడం లాంటి కారణాలుంటాయి. మొదటి నెలల్లోనే పోయినవాటికి కారణం పెట్టినప్పుడో, పుండు మానేటప్పుడో వెతకాలి.

ఇందులో డి విటమిన్ పాత్ర ఎంత? ఉంది. మనం తిన్న తిండిలోని సున్నం, అంటే కాల్షియం, పేగుల నుంచి రక్తంలోకి సరిగ్గా చేరాలంటే అది కావాలి. కొత్త ఎముకను కట్టే కణాలకూ దాని అవసరముంది. నోట్లో సూక్ష్మజీవులతో పోరాడే కొన్ని రక్షణ పదార్థాలు తయారు కావడంలోనూ దాని చెయ్యి ఉంది. డి విటమిన్ లేకుండా పెంచిన ఎలుకల్లో ఇంప్లాంట్ చుట్టూ ఎముక బలహీనంగా పట్టిందని ప్రయోగాల్లో చూశారు. ఇంతవరకూ తగాదా లేదు.

మనుషుల దగ్గరికొచ్చేసరికి లెక్క అంత తేటగా లేదు. 2016లో జర్మనీ డాక్టర్లు ఇద్దరు పేషెంట్ల గురించి రాశారు. డి విటమిన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఇంప్లాంట్లు పోయాయి, దాన్ని పెంచాక పెట్టినవి నిలిచాయి. మీ డాక్టర్ గారి మాట సరిగ్గా ఈ దారిలోనిదే. కానీ ఇద్దరి కథ ఇద్దరిదే. ఒకసారి పోయిన చోట రెండోసారి పెట్టినవాటిలో ఎక్కువ భాగం ఎలాగూ నిలబడతాయి కాబట్టి, నిలబెట్టింది విటమినా, రెండోసారి తీసుకున్న జాగ్రత్తా అని ఆ ఇద్దరిని చూసి చెప్పలేం.

2018లో ఇటలీ నుంచి ఇంతకంటే పెద్ద లెక్క వచ్చింది. 885 మందికి పెట్టిన 1,740 ఇంప్లాంట్లను వెనక్కి వెళ్లి చూశారు. డి విటమిన్ (మిల్లీలీటరు రక్తానికి నానోగ్రాముల్లో) 30 దాటినవాళ్లలో 2.9 శాతం మందికి, 10కీ 30కీ మధ్య ఉన్నవాళ్లలో 4.4 శాతం మందికి, 10 కంటే తక్కువున్నవాళ్లలో 11.1 శాతం మందికి మొదట్లోనే ఇంప్లాంట్ పోయింది. చూడగానే మెట్లు మెట్లుగా కనిపిస్తోంది కదా! అయితే ఆ చివరి గుంపులో ఉన్నది 27 మందే, ఇంప్లాంట్ పోయింది ముగ్గురికి. అంత చిన్న గుంపులో ఒకరు అటూ ఇటూ అయితే శాతం మారిపోతుంది. ఈ తేడా యాదృచ్ఛికంగా కూడా వచ్చి ఉండొచ్చని ఆ పరిశోధకులే తేల్చారు. ఇదే అంకెలను ఇంకో వైపు నుంచి చూడండి. మీ అమ్మ లాగా 10కీ 30కీ మధ్య ఉన్న నూరు మందిలో తొంభై అయిదు మందికి పైగా ఇంప్లాంట్ మొదటి గండం దాటింది.

మన దగ్గర సంగతి చూస్తే ఈ మాట ఇంకా బలపడుతుంది. ఇంత ఎండ కాసే దేశంలో ఎక్కడ పరీక్షలు చేసినా సగానికి పైగా జనానికి డి విటమిన్ తక్కువగానే బయటపడుతోంది. అదొక్కటే ఇంప్లాంట్లను ఊడగొట్టేదైతే హనుమకొండలో పెట్టినవి సగం ఈపాటికి చెత్తబుట్టలో ఉండాలి. లేవు. ఇంకో చిక్కు కూడా ఉంది. షుగర్ ఉన్నవాళ్లలో, బరువు ఎక్కువున్నవాళ్లలో, ఒంట్లో ఎక్కడో ఓ చోట వాపు నడుస్తున్నవాళ్లలో డి విటమిన్ తక్కువగా ఉండటం మామూలు. పుండ్లు ఆలస్యంగా మానేదీ వాళ్లకే. రెండూ ఒకే ఇంట్లో కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని అనలేం.

అందుకని మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది 11 దగ్గర కాదు, ‘‘ఆరేళ్లుగా షుగర్ ఉంది, గోళీలు వేసుకుంటుంది’’ అన్న దగ్గర. గోళీలు వేసుకోవడం వేరు, షుగర్ అదుపులో ఉండటం వేరు. ఇంప్లాంట్ పెట్టే నాటికి మూడు నెలల సగటు షుగర్ ఎంతుందో, అంటే హెచ్‌బీఏ1సీ ఎంతో ఎవరైనా చూశారా? పొద్దున పరగడుపున 130 వచ్చిందని సంబరపడి సర్జరీకి వచ్చేస్తారు, మూడు నెలల సగటు తీస్తే 9 ఉంటుంది. 7కు దగ్గర్లో ఉంటే నిశ్చింత. 8 దాటితే ముందు షుగర్ దించుకుని రమ్మని పంపించేస్తాను నేను. పన్ను ఆగుతుంది, తొందరేమీ లేదు. పాత ఫైలు వెతకండి. ఆ తేదీకి అటూ ఇటూ చేయించిన రిపోర్టు దొరికితే సగం జవాబు అందులోనే ఉండొచ్చు.

రెండోది మీరు రాయనిది. రాయకపోవడం సహజమే, కూతుళ్లు అడగరు, తల్లులు చెప్పరు. అమ్మకు తంబాకు అలవాటు ఉందా? బీడీలు చేసే ఇళ్లలో చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి చుట్టి దారం కట్టడం పొద్దంతా నడుస్తుంది. చేతి కింద పొద్దస్తమానం తంబాకు ఉంటుంది. ఆ చిటికెలో ఓ చిటికె దవడకు పెట్టుకునే అలవాటు కొందరికి వస్తుంది, పళ్ల నొప్పికి మందని మొదలుపెట్టి వదలలేకపోతారు. బీడీ తాగేవాళ్లూ ఉన్నారు. పాన్‌లో జర్దా, గుట్కా, నస్యం, ఏదైనా ఒకటే. పొగాకు చిగుళ్లకు రక్తం తగ్గిస్తుంది, పుండు మాననివ్వదు. ఇంప్లాంట్లు పోవడానికి తెలిసిన కారణాల్లో పొగతాగడం మొదటి వరసలో ఉంటుంది, డి విటమిన్ కంటే ఎంతో గట్టి సాక్ష్యంతో. తిట్టినట్టు కాకుండా, పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి. ఉందంటే రెండో ఇంప్లాంట్‌కు ముందు మాన్పించాలి. పెట్టాక కూడా ముట్టుకోకూడదు.

మూడోది మిగతా చిగుళ్ల సంగతి. పుచ్చి తీసేసింది ఒక పన్నే అయినా, పక్క పళ్ల చుట్టూ గార పేరుకుని, చిగుళ్ల నుంచి రక్తం వస్తూ ఉంటే ఆ నోట్లోని సూక్ష్మజీవులే ఇంప్లాంట్‌కు చుట్టాలవుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. రెండోది పెట్టే ముందు క్లీనింగ్ చేయించి, చిగుళ్లు గట్టిపడ్డాయని చూసుకున్నాకే ముందుకెళ్లాలి.

ఇక సర్జరీలో జరిగే పొరపాట్లు. ఇవి చెప్తే నా తోటి డాక్టర్లకు నచ్చకపోవచ్చు, కానీ చెప్పాలి. ఎముకలో రంధ్రం చేసేటప్పుడు డ్రిల్ వేడెక్కుతుంది. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక కణాలు దెబ్బతింటాయని 1980ల నుంచీ తెలుసు. అందుకే సెలైన్ నీళ్లు పోస్తూ, ఆగి ఆగి, పదునున్న డ్రిల్‌తో చేయాలి. కింది దవడ ఎముక బాగా గట్టిది కాబట్టి అక్కడ వేడి ముప్పు ఎక్కువ. అలాగే పెట్టిన రోజు మర తగినంత బిగుతుగా దిగకపోయినా, చిగురు కింద చీము పట్టినా, మానే లోపల ఆ వైపు మక్కజొన్న పొత్తులు, సకినాలు నమిలినా పట్టు రాదు. వెంట్రుక మందమైనా కదిలితే చాలు, చుట్టూ ఎముక బదులు మెత్తటి కండ లాంటి పొర పెరుగుతుంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉందేమో కూడా చూడాలి, పక్కన పడుకునేవాళ్లను అడిగితే తెలుస్తుంది.

మీరు ఆ డాక్టర్ గారితో గొడవ పెట్టుకోమని కాదు నేను చెప్పేది. ఎంత మంచి చేతుల్లోనైనా నూటికి రెండు మూడు ఇంప్లాంట్లు మొదట్లోనే పోతాయి, కారణం ఎప్పటికీ తేలనివీ ఉంటాయి. కానీ అడిగే హక్కు మీకుంది. ‘‘పెట్టిన రోజు బిగుతు ఎంత వచ్చింది సార్? ముందు సీబీసీటీ, అంటే దవడ త్రీడీ స్కాన్‌లో ఎముక ఎలా ఉంది? తీసినప్పుడు చీము ఉందా, ఊరికే వదులుగా వచ్చిందా? మళ్లీ పెడితే ఈసారి మారేదేంటి?’’ అనండి. ఆఖరి ప్రశ్నకు ‘‘డి విటమిన్ పెంచుతున్నాం కదా’’ తప్ప ఇంకో జవాబు రాకపోతే, అవే కాగితాలు, స్కాన్ పట్టుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తప్పేమీ లేదు. రెండోసారి పెడితే డబ్బు మళ్లీ కట్టాలా అనేది కూడా ఇప్పుడే తేల్చుకోండి. చాలాచోట్ల క్యాప్ పెట్టకముందే పోతే ఇంప్లాంట్ ఖర్చు మళ్లీ తీసుకోరు, కానీ అడగనిదే చెప్పరు.

ఇప్పుడు 11 సంగతి. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది పన్ను కాదు, మీ అమ్మ ఒళ్లు. ఏళ్ల తరబడి అర్రలో చాట ముందు కూర్చున్న మనిషి, ఒంటి నిండా చీర, పొద్దు నెత్తి మీదికొచ్చే వేళకు బీడీలు లెక్కకు రావాలన్న ఆదుర్దా. ఎండ తగిలేదెప్పుడు? జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చేసే ఆడవాళ్లలో మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి, ఒళ్లు గుంజడం చాలా మామూలుగా వింటాం. వయసు మీద, పని మీద, గ్యాస్ మీద వేసేస్తారు. కొంత నిజమే. కానీ డి విటమిన్ 12 కంటే తక్కువున్నప్పుడు పెద్దవాళ్లలో ఎముక మెత్తబడి కూడా అదే నొప్పి వస్తుంది. అమ్మకు లేచి నిలబడటం, మెట్లెక్కడం కష్టంగా ఉందా, కాళ్ల ఎముకల మీద వేలితో నొక్కితే నొప్పిగా ఉందా అడిగి చూడండి. ఉంటే ఫిజీషియన్‌కు చూపించి రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్ పరీక్షలు కూడా చేయించండి. ముట్టు ఆగిన వయసు కాబట్టి ఎముక సాంద్రత సంగతి కూడా ఆ డాక్టరే చెప్తారు. ఒకవేళ ఎముకల బలానికని ఏడాదికో, ఆర్నెల్లకో ఇంజెక్షన్ ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ మాట పళ్ల డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. ఆ మందుల మీదున్నవాళ్లలో దవడ ఎముక పుండు పడి మానకపోయే ప్రమాదం ఉంది.

రిపోర్టులో చూసుకోవాల్సినవి రెండు. పరీక్ష పేరు 25-హైడ్రాక్సీ విటమిన్ డి అయి ఉండాలి. 1,25 అని మొదలయ్యేది వేరే పరీక్ష, అది నిల్వలు చెప్పదు. రెండోది కొలత. మన దగ్గర చాలా ల్యాబుల్లో నానోగ్రాముల్లో ఇస్తారు, కొన్ని నానోమోల్స్‌లో ఇస్తాయి. ఒక నానోగ్రాముకు రెండున్నర నానోమోల్స్. మీ 11 నానోగ్రాముల్లోనిదైతే తక్కువ, నానోమోల్స్‌లోనిదైతే అది నాలుగున్నర కిందికే వస్తుంది, అంటే మరీ ప్రమాదం. ఇక ఎంత ఉండాలన్నది పెద్ద చర్చ. 20 దాటితే ఎముకలకు చాలన్నవాళ్లున్నారు, 30 ఉండాలన్నవాళ్లున్నారు. 30 అన్న గీతను 2011లో గీసిన అమెరికా ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల డాక్టర్ల సంఘం) 2024లో తానే దాన్ని వదిలేసింది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ ఈ పరీక్ష చేయించాల్సిన పని లేదని కూడా చెప్పింది. రిపోర్టులో 26 వచ్చి పక్కన ఎర్ర అక్షరాల్లో ‘తక్కువ’ అని పడితే హడలిపోయే పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి. మీ అమ్మ 11 మాత్రం ఏ గీత ప్రకారం చూసినా కిందే.

ప్యాకెట్ల విషయానికొస్తే, ఒక్కో దాంట్లో 60,000 యూనిట్లు ఉంటాయి. వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. మన దగ్గర మామూలుగా రాసేదీ ఇదే. ఇది కొవ్వులో కరిగే విటమిన్. పరగడుపున నీళ్లలో కలిపి తాగితే సరిగ్గా ఒంటబట్టదు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక గ్లాసు పాలల్లో కలిపి ఇవ్వండి. వారం గుర్తుండాలంటే ప్యాకెట్ మీద పెన్నుతో తేదీ రాసి పెట్టండి. ఎందుకంటే మా దగ్గరికొచ్చేవాళ్లలో మళ్లీ మళ్లీ కనిపించే పొరపాటు, వారానికొకటి అని రాస్తే రోజుకొకటి తాగేయడం. ‘తొందరగా పెరుగుతుంది కదా’ అంటారు. పెరుగుతుంది, దాంతోపాటు రక్తంలో కాల్షియం కూడా పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతిమరుపు మొదలై కిడ్నీల దాకా పోతుంది. డి విటమిన్‌తో వచ్చే విషప్రభావం ఎక్కడో పుస్తకాల్లో ఉండేది కాదు, మన ఊళ్లలోనే ఇలా తెచ్చుకుంటున్నారు. అమ్మకు కిడ్నీలో రాళ్లు, కిడ్నీ జబ్బు, ఇంతకుముందు టీబీ ఉన్నా, నీరు తగ్గడానికని బీపీ గోళీలు వాడుతున్నా మొదటి ప్యాకెట్ చించకముందే డాక్టర్‌కు చెప్పండి.

మెడికల్ షాపాయన చెప్పే ఇంజెక్షన్ ఆరు లక్షల యూనిట్లది. పది ప్యాకెట్లు ఒక్క సూదిలో. నోటితో తీసుకోలేనివాళ్లకు, పేగుల జబ్బుతో ఒంటబట్టనివాళ్లకు డాక్టర్ చూసి ఇస్తే ఇవ్వొచ్చు. నోరు, కడుపు బాగున్న మనిషికి అక్కర్లేదు. ఒకసారి లోపలికి వెళ్లాక ఎక్కువైనా వెనక్కి తీసే దారి లేదు. షాపాయన మాట అక్కడితో వదిలేయండి.

మీ వదిన మాట పూర్తిగా తీసేయదగ్గది కాదు, వేళ ఒక్కటే తప్పు. పొద్దున ఆరింటికి, ఏడింటికి తగిలే లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ అందులో డి విటమిన్ తయారుచేసే కిరణాలు చాలా తక్కువ. దీనికో సులువైన గుర్తుంది. ఎండలో నిలబడితే మీ నీడ మీకంటే పొట్టిగా ఉండాలి. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే ఆ ఎండతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. మన వైపు మే నెలలో తొమ్మిది కల్లా నీడ పొట్టిబడుతుంది. డిసెంబర్‌లో అయితే పదకొండు నుంచి ఒంటిగంట దాకానే. కాబట్టి చలికాలం మధ్యాహ్నం డాబా మీద కూర్చుని బీడీల ఆకు కత్తిరించుకున్నా మంచిదే. వేసవిలో మాత్రం తొమ్మిదిన్నరకల్లా ముగించాలి, 44 డిగ్రీల ఎండలో విటమిన్ కోసమని కూర్చోబెడితే వడదెబ్బ తగులుతుంది. చేతులు మోచేతుల పైదాకా, కాళ్లు మోకాళ్ల కిందిదాకా తెరిచి ఇరవై, ముప్పై నిమిషాలు. మన ఒంటి రంగుకు తెల్లవాళ్లకంటే ఎక్కువసేపు కావాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లెక్కలోకి రాదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. ఇదంతా చేసినా 11 నుంచి లేవడానికి చాలాకాలం పడుతుంది కాబట్టి ఇప్పటికి ప్యాకెట్లు తప్పవు. ఎండ, పెరిగినదాన్ని నిలబెట్టుకోవడానికి.

తిండితో మాత్రం డి విటమిన్ పెద్దగా రాదు. గుడ్డు పచ్చసొనలో నలభై యూనిట్ల చొప్పున ఉంటుంది, రోజుకు కావాల్సింది 600. ప్యాకెట్ పాల మీద ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే అందులో కొంచెం కలిపారని అర్థం. సున్నానికి మాత్రం రాగి అంబలి, నువ్వులు, పెరుగు, మునగాకు చాలు, విడిగా గోళీలు కావాలో లేదో కాల్షియం రిపోర్టు చూశాక డాక్టర్ చెప్తారు.

ఎనిమిది వారాలు అయిన వెంటనే సర్జరీ టేబుల్ ఎక్కించకండి. మొదలుపెట్టిన మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించండి, పెరగడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. 20 దాటి, 30కి దగ్గరగా వస్తే చాలు. నెలకో ప్యాకెట్ లాగానో, రోజువారీ చిన్న మోతాదులోనో డాక్టర్ చెప్పినట్టు కొనసాగించాలి, మానేస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. ఈ మూడు నెలల్లోనే షుగర్ దించడం, చిగుళ్లు బాగుచేయించడం, తంబాకు ఉంటే మాన్పించడం జరిగిపోతాయి. ఇంప్లాంట్ తీసిన గుంతలో ఎముక పూడటానికీ ఎలాగూ అంత సమయం ఇవ్వాలి. పూడాక కొత్తగా స్కాన్ తీసి, అదే చోట పెట్టాలా, కొంచెం లావుది పెట్టాలా, ఎముక పొడి వేయాలా అన్నది డాక్టర్ తేలుస్తారు.

చివరికి అమ్మ అన్న మాట. ‘‘ఒక్క పన్ను లేకపోతే ఏమైతది.’’ దాన్ని పాతకాలపు మాటని కొట్టేయను. దవడ పన్ను ఒకటి లేకపోతే కొంపలు మునగవు. కాలం గడిచేకొద్దీ పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, పై పన్ను కిందికి జారుతుంది, నమలడమంతా ఎడమవైపు పడుతుంది, అంతవరకు నిజం. దానికి ఇంప్లాంట్ ఒక్కటే మందు కాదు. రెండు పక్కలా పళ్లు గట్టిగా ఉంటే బ్రిడ్జి వేయించుకోవచ్చు, కాకపోతే మంచి పళ్లను అరగదీయాలి. తీసి పెట్టుకునే పన్ను సెట్టు ఇంకా చవక, అలవాటు పడటానికి ఓపిక కావాలి. అమ్మ ఆ మాట కోత భయంతో అంటోందా, మీ జీతం ఖర్చవుతుందని అంటోందా, నిజంగానే అక్కర్లేక అంటోందా అన్నది మీకు తెలియాలి, నాకు కాదు. సర్జరీ భయమే అయితే మూడు నెలల గడువుంది, నెమ్మదిగా ఒప్పించండి. ఖర్చు గురించే అయితే ముందు పైన చెప్పిన రిపోర్టులు, షుగర్ లెక్క తేలనివ్వండి, తర్వాత బ్రిడ్జి ధర, ఇంప్లాంట్ ధర రెండూ అమ్మ ముందు పెట్టి ఆమెనే ఎంచుకోమనండి. అక్కర్లేదనే అంటే ఖాళీని వదిలేసి ఆర్నెల్లకోసారి పళ్లు చూపించుకుంటే సరిపోతుంది. ప్యాకెట్లు మాత్రం ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టండి.